ఆర్గానిక్ అన్నందుకు

మెదడు మీద అతికించే మెత్తటి ఎలక్ట్రోడ్లు తయారుచేయడం నా ఉద్యోగం. కంకిపాడులో మా బాబాయికి చేతులు వణికే జబ్బు, అలాంటి జబ్బుల కోసమే ఇవి. ఆయన యూరియా మానేసి వరి పండిస్తాడు. అలాంటి మనిషి దగ్గర వీటిని ఆర్గానిక్ అన్నాను.

"అంటే మందులు కొట్టరన్నమాట," అన్నాడు.

కాదు, అదో రకం ప్లాస్టిక్, కార్బన్‌తో చేస్తారు కాబట్టి ఆ పేరు, కరెంటు పారుతుంది, మెదడుతోపాటు వంగుతుంది అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఆ పేరు పెట్టినవాడు దొరికితే బాగుండు.

"ప్లాస్టిక్‌ని ఆర్గానిక్ అని అమ్మితే మా ఊళ్లో తంతారు."

"ఇంకా అమ్మట్లేదు బాబాయ్. ఇప్పటికి ఎలుకలకే పెడుతున్నాం," అన్నాను చిరాగ్గా.

బాబాయి చేతిలో టీ సాసర్లోకి ఒలికింది.

"మా వరి కొరికే ఎలుకలకా? వాటి తర్వాతేనా నా వంతు?"