మామకు ఇనబడే దిక్కు

నిన్న పొద్దున విరూర్ నుంచి ఎవరో ఫోన్ చేసి, "బొందలగడ్డ ఫోటోలామె మీరేనా అమ్మా?" అని అడిగిండ్రు. అవునన్న. ఇంకేమంటా? బడిల పిల్లలకు లెక్కలు చెప్పుకుంట ఉద్యోగమంత గడిపిన, ఆ సంగతి ఎవరికీ యాదికి లేదు. రిటైరైనంక చంద్రపూర్ల నాకు మిగిలిన పేరు గిదొక్కటే. దీపావళికి వాళ్ళ అమ్మ సమాధి కాడ అందరు కలిసి ఫోటో దిగుతరట, రమ్మన్నరు. సరేనని ఫోన్ పెట్టి, పొయ్యి మీది చా పొంగిపోయేదాక మా మేనత్తనే యాది చేసుకుంట నిలబడ్డ. ఈ పేరు నాకు ఆమె పుణ్యాననే వచ్చింది మరి.

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుబాయి పనికి ఈడికి వచ్చినప్పుడు గిన్నెలు, బొంతలతో పాటు ఒక రివాజు గూడ మోసుకొచ్చిండు. దీపావళి నాడు పొద్దుగూకే యాళ్లకు మేమందరం బొందలగడ్డకు పోతం. సమాధులకు ముందే సున్నమేసి ఉంచుతం. బంతిపూలు పెట్టి, దీపాలు ముట్టించి, పోయినోళ్ళకు ఇష్టమైనయి వండుకపోయి, వాళ్ళ ముంగట ఇంత పెట్టి మేమూ ఆడనే కూసోని తింటం. పిల్లలు పటాకులు కాలుస్తరు. పక్కింటి మరాఠీ వాళ్ళు మొదట్ల ఇదేం పండుగరా అని భయపడ్డరు గని, తర్వాత వాళ్ళే కారం అటుకుల చివ్డా డబ్బలు కట్టి పంపుడు షురూ చేసిండ్రు. ఆ చివ్డా అంటే మా మామకు పానం. మామ అంటే మేనత్త పెనిమిటి. బొగ్గుబాయిల పని చేసిండు. నవ్వకుంట ఒక్క మాట మాట్లాడేటోడు కాదు. ఒక ఎండకాలం, తిన్న కంచం కడగకముందే, గుండె ఆగి పోయిండు.

మేనత్త ఏడ్వలేదు. దినాలు చేసిన్నాడు గూడ ఏడ్వలేదు. చుట్టాలు మూలకు చేరి గుండె రాయి అనుకున్నరు. ఆమె బాధ వేరే ఉండె. పిల్లలు లేరు. పెండ్లి ఫోటోలు ఎప్పుడో వానకాలం ఇల్లు కురిసి పాడైపోయినయి. ఇంట్ల మిగిలింది గుర్తింపు కార్డు మీది ఫోటో ఒక్కటే. మామ షిఫ్ట్ దిగి, మొఖం సగం కడుక్కొని, ఆకలి మీద దిగిన ఫోటో అది. చూస్తే పోలీసోళ్ళకు దొరికిన దొంగ లెక్కనే ఉండేటోడు. దాన్నే పెద్దగ చేయించి ఫ్రేమ్ కట్టించి తెస్తే, మేనత్త గోడ దిక్కు తిప్పి పెట్టింది. "గీయన ఎవరో నాకు ఎరుక లేదు బిడ్డా. మీ మామ నవ్వు మొఖం కండ్లు మూసుకున్నా వస్తలేదు" అన్నది.

ఆ ఏడే నేను కొత్తగ కెమెరా కొన్న. అప్పటిదాక నేను తీసిన ఫోటోలల్ల గోరింకలు కొన్ని, నా బొటనవేలు కొన్ని. దీపావళికి దాన్ని మెడకేసుకొని పోతే, పక్క సమాధి వాళ్ళు మాకొకటి తియ్యమన్నరు. వాళ్ళను చూసి ఇంకొకలు. జర సేపట్ల లైను కట్టిండ్రు. ఒక పెద్దాయన భార్య సమాధి పక్కన నిలబడి, "బిడ్డా, నవ్వాల్నా, ఏడ్వాల్నా?" అని అడిగిండు. మామ సమాధి కాడ కూసున్న మేనత్త ఆడ్నుంచే అందుకున్నది.

"మీ ఆమె ముంగట మీరెట్లుండేటోళ్ళు?"

"భయపడుకుంట ఉండేటోన్నమ్మా."

"అయితే గట్లనే ఉండుండ్రి!"

బొందలగడ్డంత నవ్వింది. ఆయన మాత్రం నిజంగనే చేతులు కట్టుకొని, బుద్ధిగ నిలబడి ఫోటో దిగిండు.

తర్వాత మేనత్త వంతు. "అత్తా, ఈ దిక్కు కూసో, మొఖం మీద వెల్తురు మంచిగ పడ్తది" అన్న. కూసున్నది. మళ్ళ లేసింది. సమాధి సుట్టు తిరిగి అవుతలి దిక్కు పోయి కూసోని, "ఆ చెవు ఆయనకు ఇనబడది గదా" అన్నది. బాయిల బొగ్గు పగలేసే తూటాలు పేలి పేలి మామకు కుడి చెవు పోయింది. బస్సులైనా, పెండ్లి బంతిలైనా ఆమె ఆయనకు ఎడమ దిక్కే కూసునేది. అనేసినంక మా మొఖాలు చూసి, తానేమన్నదో ఆమెకు సమజైంది. ముందు నవ్వొచ్చింది. "ఇంటున్నవా, చివ్డా తెచ్చిన. ఉప్పెక్కువైందని మళ్ళ నన్ననకు, నేను చెయ్యలే" అని సమాధి మీద చెయ్యేసి నవ్వింది. నవ్వుకుంట నవ్వుకుంటనే, ఇన్ని నెలల ఏడ్పంత ఒక్కసారే వచ్చింది. నేను కెమెరా దించబోయిన. "తియ్యి బిడ్డా, ఆపకు" అన్నది.

సూర్యుడు ఆమె ఎనుక ఉండె. ఫోటోల సగం మొఖం నీడలనే పోయింది. కడిగించి తీసుకపోయి ఇస్తే, శానా సేపు చూసి, "గప్పుడు నాకు మీ మామ నవ్వు ఇనబడ్డది" అన్నది. దాన్ని గోడకు కొట్టించి, గోడ దిక్కు తిరిగున్న మామను గూడ ఇటు తిప్పి, "పాపం, ఆకలి మీదున్నడు, ఉండనియ్యి" అని పక్కన్నే తగిలేసింది.

అప్పటిసంది ప్రతి దీపావళికి నేను ఫోటోలు తీస్తుంటే మేనత్త పక్కన కుర్చేసుకొని కూసోని, ఎవరెట్ల నిలబడాల్నో హుకుం చేస్తది. ఆ పెద్దాయన గూడ మనుమరాలిని తోలుకొని తప్పకుండ వస్తడు. ఆ పిల్లను తీసిన మొదటి ఫోటోల, నాయనమ్మ సమాధి రాయి ఎనుక నిలబడితే జడ రిబ్బన్లు తప్ప ఏం కనబడలేదు. పోయినేడు అదే రాయి మీద మోచెయ్యి ఆనిచ్చి, పండ్లన్నీ కనబడేటట్టు నవ్వుకుంట నిలబడ్డది. రాయి అంతనే ఉన్నది, నడుమ గడిచిన కాలమంత ఆ పిల్ల ఎత్తులకు పోయింది.