అమ్మమ్మ బొటనవేలు, నా లంగా బొందు

నా చిన్నప్పుడు, ఒక బుధవారం పగలు పదకొండున్నరకి, మా అమ్మమ్మ బొటనవేలు చప్పుడు లేకుండా తెరుచుకుంది. గడియారం చూడడం అప్పటికి నాకు రాదు. టైమెంతో మా తాతయ్య చెబితే గుర్తుపెట్టుకున్నాను. బడికి పోకుండా గేదెల వెంట తిరిగిన పిల్లని. అక్షరాలు నాకు మనవలు పుట్టాక వచ్చాయి. అయినా ఊళ్ళో నాకో గొప్ప ఉండేది. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని, లాగితే బెణుకు పోతుందని మా కొల్లేటి వైపు నమ్మకం. ఎంతెంత పెద్దవాళ్ళో నా ముందు బోర్లా పడుకునేవారు. వాళ్ళ వీపుల మీద నడిచి, అరటిపండు పుచ్చుకుని దర్జాగా వచ్చేదాన్ని.

ఆ ఏడు అమ్మమ్మ కుడి బొటనవేలు మడిస్తే మడతలోనే ఉండిపోవడం మొదలైంది. ఎడమ చేత్తో లాగితే టక్కుమని తెరుచుకునేది. మా గేదె అమ్మమ్మ చేతికి తప్ప ఎవరికీ పాలిచ్చేది కాదు. అమ్మమ్మేమో బొటనవేలు మడిచి పితికేది. పొద్దున్నే ఆ వేలు పట్టేస్తే సగం పాలు పొదుగులోనే ఉండిపోయేవి. "ఈ నెలలో తగ్గకపోతే గేదెని తాడేపల్లిగూడెంలో పెద్దమ్మాళ్ళింటికి తోలేస్తాను" అన్నాడు తాతయ్య. ఆ గేదె వీపు మీద పెరిగినదాన్ని నేను. నాకు అన్నం సయించలేదు.

ఇంకేం, రోజూ పొద్దున్నే అమ్మమ్మ వేలు పట్టుకుని నేనే లాగేదాన్ని. టక్. ఆ చప్పుడు వింటే ఒళ్ళంతా పొంగిపోయేది. "తగ్గిందా?" అంటే, "తగ్గిందే తల్లీ, నీ చేతిలో ఏదో ఉంది" అనేది అమ్మమ్మ. మర్నాటికి మళ్ళీ బిగుసుకునేది. పదిహేను రోజులయ్యేసరికి వేలి మొదలు వాచి, అసలు తెరుచుకోవడమే మానేసింది.

ఊళ్ళో మందులిచ్చే డాక్టరుగారు చూసి, "ఇది బెణుకు కాదండి. ఏలూరులో చేతులకే వైద్యం చేసే డాక్టరమ్మ ఉన్నారు, అక్కడికి తీసుకెళ్ళండి" అన్నారు.

"చేతికో డాక్టరు, కాలికో డాక్టరూనా?" అని తాతయ్య గొణిగాడు.

"మీ కళ్ళజోడు పళ్ళ డాక్టరు ఇచ్చాడేంటండీ?" అంది అమ్మమ్మ. మర్నాడే ముగ్గురం బస్సెక్కాం. ఏలూరు చూడడం నాకు అదే మొదలు. దిగేదాకా కిటికీ వదల్లేదు.

డాక్టరమ్మ అరచేతిలో బొటనవేలి మొదట నొక్కగానే అమ్మమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎవరు లాగారు మామ్మగారూ?"

"ఎవరూ లాగలేదండి."

"నేనేనండి" అన్నాను, మెచ్చుకుంటుందనుకుని. "ఎదురుకాళ్ళతో పుట్టానండి నేను."

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. నా లంగా బొందు విప్పించి, బయటికున్న చోట ఒక ముడి వేసి, రెండో కొస పట్టుకుని లాగమంది. నడుం పట్టీలోకి బొందు దూరే కన్నం దగ్గర ముడి ఆగిపోయింది. గట్టిగా లాగాను, టక్కున లోపలికి పోయింది. ఇటువైపు లాగమంది. మళ్ళీ ఆగింది, మళ్ళీ లాగాను. "మామ్మగారి వేల్లోనూ ఇలాంటి బొందే ఉంటుంది. అది ఉబ్బింది, దూరే దారి ఇరుకైంది. నువ్వు ఇన్నిసార్లు లాగావు కదా, ముడి పోయిందా?"

చూశాను. ముడి పోకపోగా ఇంకా బిగిసింది. కన్నం అంచున దారాలు లేచాయి. అమ్మమ్మ వాపు వంక చూడలేకపోయాను. అంతలో తట్టింది. "అయితే కన్నం పెద్దది చేస్తే సరిపోద్దండి" అన్నాను, గది దద్దరిల్లేలా.

"అదే నేను చేసేది" అంది డాక్టరమ్మ. "మొదట్లోనే వచ్చుంటే విశ్రాంతితోనో, ఒక ఇంజెక్షనుతోనో తగ్గేదేమో మామ్మగారూ. ఇప్పుడు చిన్న కోత పెట్టాలి. అక్కడి వరకే మొద్దుబారుస్తాను, మీరు మాట్లాడుతూనే ఉండొచ్చు."

కోత పెడుతున్నంతసేపూ అమ్మమ్మ గేదె కబుర్లు చెబుతూనే ఉంది. పిల్ల తన కళ్ళెదుట ఉండాలని పట్టుబట్టి నన్ను గది మూల నిలబెట్టించుకుంది. కాసేపటికి వేలు మడవమన్నారు, మడిచింది. తెరవమన్నారు, తెరిచింది. నేను చెవులు రిక్కించి విన్నాను. టక్ లేదు. మళ్ళీ మడిచి తెరిచింది. లేదు.

తిరుగు బస్సులో అడిగాను, తగ్గలేదని ఎందుకు చెప్పలేదని. "నీ మొహం చూశాక నోరు రాలేదే" అంది. కోత మానేదాకా అమ్మమ్మ పక్కన నిలబడి గేదెని నిమురుతుంటే నేను పితికాను. గేదె మా ఇంట్లోనే ముసలిదైంది.

ఇప్పటికీ లాగమని నా దగ్గరికి వేళ్ళు చాపుకుంటూ వస్తారు. ముందు మడిచి తెరవమని, చెవి దగ్గర పెట్టుకుని వింటాను. నొప్పి ఉందా అని ఒకటికి రెండుసార్లు అడుగుతాను, మొదటిసారి జనం నిజం చెప్పరు. టక్కుమంటే ఆ వేలు ముట్టుకోను. చేతుల డాక్టరుకే చూపించుకోమని, నా వంకర అక్షరాలతో చీటీ రాసిస్తాను.

ఆ బుధవారం అక్కడ ఉన్నది మా అమ్మమ్మ, బయట బల్ల మీద మా తాతయ్య, డాక్టరమ్మ, ఆవిడ పక్కన ఒక నర్సమ్మ, గది మూల బొందు విప్పిన లంగా జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని నేను.