గుమ్మం దగ్గర నిలబడాల్సింది నేను

మా వైపు పెళ్ళిళ్ళలో ఆడపడుచుకి దక్కే అసలైన అధికారం ఒక్కటే. కొత్త దంపతులు ఇంటి ముందుకి రాగానే గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఒకరి పేరు ఒకరి చేత చెప్పించి, ఆ తర్వాతే లోపలికి రానివ్వడం. నా పెళ్ళికి మా ఆడపడుచులిద్దరూ మమ్మల్ని ఎండలో చాలాసేపే నిలబెట్టారు. మా ఆయన నా పేరు గొణిగితే వినబడలేదంటూ మళ్ళీ మళ్ళీ చెప్పించారు. నాకు తోడుగా వచ్చిన మా తమ్ముడు, అప్పటికి పదమూడేళ్ళవాడు, నా సంచీ పట్టుకుని వెనకాల నిలబడి అంతా చూశాడు. "నా పెళ్ళికి ఎవరాపుతారక్కా?" అని ఆ సాయంత్రం అడిగాడు. "నేను కాక ఇంకెవర్రా? చీకటి పడేదాకా నిలబెడతాను" అన్నాను.

అప్పట్నుంచీ అది మా ఇద్దరి మధ్యా వాడుక మాటైపోయింది. లెక్కలు చెప్పే అక్క ఉండి కూడా వాడు ఇంటర్లో లెక్కలు తప్పినప్పుడూ అదే అన్నాను, ఇంజనీరింగు చదివి, వచ్చిన ఉద్యోగం వదిలేసి సివిల్స్ అంటూ ఢిల్లీ రైలెక్కినప్పుడూ అదే అన్నాను: గుమ్మం దగ్గర దొరక్కపోతావా అని. నాన్న వాడి చిన్నప్పుడే పోయారు, ఇంటి భారమంతా అమ్మ మీద పడింది. మా ఇద్దరికీ తొమ్మిదేళ్ళ తేడా. వాడికి అన్నం కలిపి పెట్టిందీ, బళ్ళో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకాలు పెట్టిందీ నేనే. అందుకు బదులుగా నేను వాడి దగ్గర ఆశించింది ఆ గుమ్మం ముందు అయిదు నిమిషాలు మాత్రమే.

మొన్న డిసెంబరులో నాలుగు రోజులు సెలవులు కలిసొస్తే ఢిల్లీ వెళ్ళాను. అక్కడ నాకు ఇద్దరున్నారు. లక్ష్మీ నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ పీజీ హాస్టల్లో ఉండే తమ్ముడు, జనక్‌పురిలో కాపురముండే నా స్నేహితురాలు. బీఈడీ హాస్టల్లో మేమిద్దరం ఒక్క కంచంలో తిన్నవాళ్ళం. తమ్ముడు ఢిల్లీ వెళ్ళిన రోజున ఆమెకి ఫోన్ చేసి, "నేను లేని చోట నువ్వే వాడికి అక్కవి" అని చెప్పాను. ఆ మాట నేనే అన్నాను, ఎవరూ నా చేత అనిపించలేదు. లక్ష్మీ నగర్‌లో మెట్రో ఎక్కితే జనక్‌పురిలో దిగొచ్చు, మధ్యలో మారే పని లేదు. ఆదివారాలు వాడొచ్చి భోంచేసి వెళ్ళాడని ఆమె చెప్పినప్పుడల్లా నా కడుపు నిండినట్టుండేది.

పొగమంచు వల్ల రైలు ఏడు గంటలు ఆలస్యమైంది. తమ్ముడు స్టేషనుకొచ్చి నన్ను నేరుగా అశోకా రోడ్‌లో తెలుగు భోజనానికి తీసుకెళ్ళాడు. వాడు రంగు తేలాడు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. మెడలో చేత్తో అల్లిన మఫ్లరు.

"పీజీ తిండి తిని ఒళ్ళు చేశావంటే ఆ వంటమనిషికి దణ్ణం పెట్టాలిరా" అన్నాను. "ఈసారైనా నీ గది చూపించు."

"పీజీలోకి ఆడవాళ్ళని రానివ్వరక్కా."

"సర్లే. ఎప్పటికైనా నీ ఇంటి గుమ్మం ముందు నేనుంటాను. అప్పుడు నేనూ రానివ్వను."

"నెయ్యి వేసుకో అక్కా, చల్లారిపోతోంది" అన్నాడు. తలెత్తలేదు. పదిహేనేళ్ళుగా కాపీ కొట్టే పిల్లల్ని మొహం చూసి పట్టుకుంటున్నదాన్ని, ఎదురుగా కూర్చున్న తమ్ముడి మొహంలో ఏమీ చదవలేకపోయాను. గోంగూర బాగుందని ఇంకోసారి వేయించుకున్నాను.

ఆ రాత్రికి జనక్‌పురి చేరాను. స్నేహితురాలి భర్త ఆఫీసు పని మీద ఊళ్ళో లేరు, ఆమె, అత్తగారు మాత్రమే ఉన్నారు. ఆవిడ నలభై ఏళ్ళ క్రితం కాకినాడ నుంచి వచ్చారు, మాటలో సగం హిందీ కలిసినా మడీ ఆచారంలో మాత్రం ఒక్క చుక్కా కలవలేదు. నేనున్నంతసేపూ నా స్నేహితురాలు నన్ను అంటిపెట్టుకునే ఉంది. నేను ఆవిడ గదిలోకి వెళ్తే వెనకే వచ్చేది. ఆవిడ నోరు తెరిస్తే ఏదో ఒక పని చెప్పి మాట మార్చేది. మంచం మీద ఒకే రజాయి కప్పుకుని హాస్టలు కబుర్లు చెప్పుకున్నాం. ఇంత ప్రేమ ఇంకా మిగిలుందా అనుకున్నాను, సిగ్గులేకుండా మురిసిపోయాను.

ఆదివారం పొద్దున పాలు విరిగిపోయాయి. టీ లేకపోతే నా తల పగిలిపోతుందని తెలిసి ఆమె పాల బూత్‌కి పరుగెత్తింది. నేనూ అత్తగారూ బాల్కనీలో ఎండ కోసం కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. ఢిల్లీలో చలికాలం ఏ ఇంట చూసినా ఆడవాళ్ళ ఒళ్ళో బఠాణీ కాయలే.

"ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందమ్మా?" అన్నారావిడ. "ఆ జ్వరం మళ్ళీ తిరగబెట్టలేదు కదా?"

"ఏ జ్వరం ఆంటీ?"

"అదేనమ్మా, శ్రావణంలో వచ్చింది. పాపం, ఒక్కగానొక్క తమ్ముడు, వాడి పెళ్ళికి రాలేకపోయావు. నిన్ను చూసుకుంటూ మీ అమ్మగారూ ఆగిపోయారట."

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ మాత్రం ఒలుస్తూనే ఉన్నారు. "నేనైతే ఒకటే చెప్పాను. గుళ్ళో పెళ్ళైతే అయింది, ఠీక్ హై. పెద్దవాళ్ళున్న ఇంట్లో అడుగు పెట్టాలి కదా, ఇక్కడికే రమ్మన్నాను. కానీ ఆడపడుచు లేకుండా గుమ్మం ఎలా దాటనిస్తాం? అప్పుడే కదా నువ్వు ఫోన్ చేసి, నా బదులు నువ్వు నిలబడవే అని మా కోడలికి చెప్పావట. ఎంత మంచిదానివమ్మా. అచ్ఛా, మా కోడలు వదిలిందనుకున్నావా? వాడు సిగ్గుపడి చస్తుంటే మూడుసార్లు చెప్పించింది. ఆ బీహారు పిల్ల మాత్రం మీవాడి పేరు గట్టిగా, ఒక్కసారికే చెప్పేసింది."

ఆ పిల్ల పేరు కూడా చెప్పారావిడ. నా మరదలి పేరు నేను మొదటిసారి విన్నది అలా, బఠాణీ తొక్కల మధ్య. ఇందులో నేను ఎవరి పేర్లూ రాయడం లేదు. పేర్లు చెప్పించే పని నా చేతుల్లోంచి పోయాక ఇంక రాయబుద్ధి కావడం లేదు.

"ఉండు, నీ చీర నా దగ్గరే ఉంది" అని ఆవిడ లోపలికెళ్ళి బీరువా తీశారు. పసుపు రంగు చీర, ఎర్ర అంచు. కొసన పసుపు బొట్టు పెట్టి ఉంది. "ఆడపడుచుకి చీర పెట్టాలమ్మా అంటే ఆ పిల్ల తనే వెళ్ళి కొనుక్కొచ్చింది. నీకు పంపమని ఎన్నిసార్లు చెప్పినా మా కోడలు ఇదిగో అదిగో అంటోంది. దాని బద్ధకం నీకు తెలిసిందే కదా."

తెలుసని తల ఊపాను. ఆవిడకి నిజం చెప్పి ఏం లాభం? ఆవిడ తప్పేమీ లేదు. నా పరువు కాపాడే అబద్ధం ఒకటి ఆవిడ నమ్మారు, అంతే. చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చింది ఏడుపు కాదు, కోపం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఆ రోజు అది ఒళ్ళంతా పాకింది.

స్నేహితురాలు పాల ప్యాకెట్లతో వచ్చి, నా ఒళ్ళో చీర చూసి ఆగిపోయింది. నేను లేచి వంటింట్లోకి నడిచాను, ఆమె వెనకే వచ్చింది.

"నాకు జ్వరం తెప్పించింది ఎవరే?"

"నేనే" అంది. "వాడు ఒట్టేయించుకున్నాడు. ఇక్కడ అత్తయ్య పట్టుబట్టారు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

"నా బదులు నిలబడమని నేను ఫోన్ కూడా చేశానట."

ఆమె పాలు గిన్నెలో పోసి పొయ్యి వెలిగించింది. "నేను లేని చోట నువ్వే అక్కవి అన్నావు కదే" అంది, నా వైపు చూడకుండా.

"అన్నాను. నేను చచ్చిపోయానని అనలేదు."

ఆమె మంట తగ్గించింది. తర్వాత అడగకూడని మాట అడిగాను. "గుమ్మం దగ్గర సరదాగా అనిపించిందా నీకు?"

"అనిపించింది" అంది.

నాలుగు నెలలు నాతో అబద్ధాలాడిన మనిషి అక్కడ మాత్రం నిజం చెప్పింది. ఆ ఒక్కటీ అబద్ధమాడి ఉంటే బాగుండేది. టీ తాగకుండానే సంచీ సర్దుకున్నాను. చీర ఆమె మంచం మీద వదిలేద్దామని రెండుసార్లు పెట్టి, రెండుసార్లూ తీసుకున్నాను. నాకని పేరు పెట్టి ఉంచింది ఆ ఇంట్లో అదొక్కటే.

లక్ష్మీ నగర్‌లో దిగి తమ్ముడికి ఫోన్ చేశాను. "మీ ఇంటి దారి చెప్పు, కిందికొస్తాను" అన్నాను. 'మీ ఇంటి' అన్న మాటకి వాడికి అంతా అర్థమైపోయింది. వీధి చెప్పాడు. కోచింగ్ బోర్డుల మధ్య సందులో, టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వాళ్ళింట్లో వేరే సంబంధం ఖాయం చేసేశారక్కా. వారం టైముంది అంతే."

"వారంలో ఒక్క ఫోన్ పట్టదా?"

"చేస్తే నువ్వొస్తావు. వచ్చేముందు అమ్మకి చెప్తావు. అమ్మ ఒప్పుకోదు, నీకూ తెలుసు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదక్కా."

అది నిజమే. వాడు మొదటి సిగరెట్టు తాగినా, ఉద్యోగానికి రాజీనామా చేసినా, నాకు తెలిసిన గంటలోపు అమ్మకి తెలిసింది. పెంచానన్న గర్వంతో చెప్పేదాన్ని. వాడు ఇన్నాళ్ళూ అవన్నీ గుర్తు పెట్టుకున్నాడు.

"అయినా నా చోట ఇంకొకరిని నిలబెడతావురా? ఎవరూ లేకపోయినా బాగుండేది."

"ఆ క్షణంలో నువ్వే గుర్తొచ్చావక్కా. అందుకే పేరు చెప్పలేకపోయాను. సిగ్గనుకున్నారు అందరూ." నమ్మాలో వద్దో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. వాడి మాట నమ్మడానికి ఆలోచించాల్సి రావడం అదే మొదటిసారి.

"పైకి రా అక్కా. తను పప్పు చేయడం నేర్చుకుంది, నీకోసం వండుతోంది."

తలెత్తి చూశాను. మూడో అంతస్తు బాల్కనీలో ఉన్ని టోపీ పెట్టుకున్న సన్నటి పిల్ల రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. తల ఊపాను. కానీ మెట్లెక్కలేదు. ఎక్కితే వాళ్ళు లోపల, నేను బయట. రండి అని వాళ్ళు పిలిస్తే చుట్టంలా లోపలికెళ్ళాలి. ఆ ముచ్చట నాకొద్దనిపించింది.

"రైలుకి టైమైంది" అన్నాను. ఇంకా మూడు గంటలుంది.

వాడు నా సంచీ అందుకుని మెట్రో దాకా వచ్చాడు. గేటు దగ్గర సంచీ ఇస్తూ, "అమ్మకి చెప్పకక్కా. ప్రిలిమ్స్ అయ్యాక నేనే చెప్తా" అన్నాడు. నేను కార్డు తాకించి లోపలికి వెళ్ళిపోయాను.

మథురకి ముందు ఎక్కడో పొగమంచులో రైలు ఆగిపోయింది. కిటికీలోంచి ఏమీ కనబడటం లేదు. చీర సంచీలో పైనే ఉంది. అప్పుడు అమ్మ ఫోన్ చేసింది.

"వాణ్ణి చూశావా? చిక్కిపోయాడా?"

"లేదమ్మా. కాస్త ఒళ్ళు కూడా చేశాడు."

"గది ఎలా ఉంది? గాలీ వెలుతురూ ఉన్నాయా?"

"పీజీలోకి ఆడవాళ్ళని రానివ్వరమ్మా" అన్నాను. ఎక్కడా తడబడలేదు. అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు.

"పోన్లే. ఈ పరీక్ష గట్టెక్కితే వెంటనే సంబంధాలు చూసేద్దాం. గుమ్మం దగ్గర నీకేం కావాలో ఇప్పుడే అడిగి ఉంచుకో. తర్వాత ఎగ్గొట్టేస్తాడు వెధవ."

"చీర అడిగానమ్మా."

"ఏ రంగు?"

"పసుపు. ఎర్ర అంచు."

"నీకు బాగుంటుందే" అంది అమ్మ.