మాటు వేసిన ఇత్తడి గిన్నె

ఆవిరి అంటే అందరికీ బాయిలరే గుర్తొస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. బాయిలరు ఆవిరి పుట్టిస్తుంది, సరే. ఆ ఆవిరి గొట్టాల్లో పోతూ పోతూ చల్లబడి నీళ్ళవుతుంది కదా, ఆ నీళ్ళను బయటికి నెట్టేదెవరు? మూలన దుమ్ము కొట్టుకుపోయి ఉండే స్టీమ్ ట్రాప్. దాన్ని పట్టించుకునే నాథుడుండడు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో చిత్తూరు ఊరి బయట ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో నేను ఫిట్టరుగా ఉండేవాణ్ణి. ఒకసారి నా ఉద్యోగమూ మా ఇంటి తిండీ రెండూ ఆ ఇనుప పెట్టెకే వేలాడాయి.

మిల్లులో అందరూ దాన్ని పెట్టె అనే అనేవాళ్ళు. లోపల ఒక ఇత్తడి గిన్నె బోర్లించి ఉంటుంది. ఆవిరి వస్తే గిన్నె తేలి దారి మూస్తుంది. నీళ్ళు చేరితే మునిగి దారి తెరుస్తుంది. అంతకుముందు మనిషి నిలబడి కొళాయి తిప్పి నీళ్ళు వదిలేవాడు. మా యజమాని ముదలాలిని నేను పోరగా పోరగా ఆ పెట్టె కొన్నాడు. కొన్నప్పటి నుంచీ దాన్ని చూసినప్పుడల్లా నా వైపు ఒక చూపు చూసేవాడు.

ఆ ఏడు ఆయుధపూజకు నేను బంగారుపాళ్యం పక్కన మా పల్లెకు పోయాను. పండగయ్యాక మా నాయన బండిలోనే తిరిగొచ్చాను. బండినిండా మా కారు పంట వడ్లు. అవి మిల్లులో ఉడికి, ఎండి, బియ్యమైతే మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ అవే ఆధారం.

గేటు దాటేసరికి గొట్టాలు దడదడలాడుతున్నాయి. గొట్టంలో నీళ్ళు నిలిస్తే అదే చప్పుడు. ముదలాలి ఎదురొచ్చాడు.

"రాప్పా రా! పండగ బాగా సేసుకున్నావా? నీ పెట్టె నా కొంప ముంచింది. వడ్లు ఉడకెయ్యమంటే సంగటి కెలికి పెట్టింది, పోయి సూడు!"

చూశాను. ఒక వర్తకుడి వడ్లు ఆవిరితో పాటు నీళ్ళు కూడా తాగి, పగిలి, ముద్దయిపోయి ఉన్నాయి.

"పెట్టెలో తప్పుండదు ముదలాలీ," అన్నాను.

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్ట ఉండాది నీ యవ్వారం. దాన్ని పీకి పారేసి నీ మూటాముల్లె సర్దుకో."

"ఇంకొక్క వాయి ఉడకనీండి. సరిసేసి సూపిస్తా."

"ఎవురి వడ్లు పోసేది? నిన్ను నమ్మి ఎవురిస్తారు?"

ఎద్దుల మెడ నుంచి కాడి దించుతున్న మా నాయన తల తిప్పకుండానే అన్నాడు.

"నా వడ్లు పోయండప్పా."

"నాయనా, నీకేమన్నా పిచ్చా? ఇంట్లో వాళ్ళేం తింటారు?" అని అరిచాను. ఆయన వినిపించుకుంటేగా! మూటలు దించి తొట్టిలో నానబోయించేశాడు. వడ్లు ఒకసారి నానాయంటే మరునాటి పొద్దునకల్లా ఉడికి తీరాలి, లేకపోతే పులిసి కంపు కొడతాయి. వెనక్కి తీసుకునే మాట లేదిక.

పెట్టె ముందు కూర్చున్నాను. నీళ్ళు పోయే గొట్టం పట్టుకు చూస్తే చల్లగా ఉంది. స్క్రూడ్రైవరు కొస పెట్టెకు ఆనించి పిడికి చెవి పెట్టాను. గిన్నె కదిలే చప్పుడే లేదు. పక్క కొళాయి తిప్పితే గొట్టంలో నిలిచిన నీళ్ళు బుస్సున దూకాయి. అంటే నీళ్ళున్నాయి, పెట్టె దారివ్వడం లేదు. ఆవిరి ఆపి మూత విప్పాను. దారిలో నలకేమైనా అడ్డం పడిందేమోనని తీగ పెట్టి పొడిచాను. శుభ్రంగా ఉంది. గిన్నె అయితే బంగారంలా తళతళలాడుతోంది. మళ్ళీ బిగించి ఆవిరి వదిలితే మళ్ళీ అదే చల్లటి గొట్టం. నా తల ప్రాణం తోకకొచ్చింది.

బాయిలరులోకి పొట్టు ఎగదోసే తాత పక్కనే వక్కాకు నములుతూ కూర్చున్నాడు.

"దిష్టి తగిలిందేమో అబ్బా. నిమ్మకాయ కోద్దామా?"

"నిన్నే కోస్తా, గెమ్మునుండు!"

ఆ ఉక్రోషంలోనే గిన్నెను ఊడదీసి నీళ్ళతొట్టిలో బోర్లించి వదిలాను. బుడగలు వదులుతూ మెల్లగా మునగాలది. మునగలేదు. బాతులా తేలుతోంది! తీసి గిన్నె నెత్తి తడిమాను. అక్కడ సూదంత బెజ్జం ఉండాలి. గిన్నెలో చిక్కిన గాలి, ఆవిరి దాంట్లోంచి జారిపోతేనే అది మునిగేది. బెజ్జం లేదు. ఆ చోట సీసంతో నున్నగా వేసిన మాటు ఉంది.

"ఎవుర్రా దీన్ని పూడ్సింది?" మిల్లంతా అదిరేలా అరిచాను.

తాత ఠీవిగా లేచాడు. "నేనే సేయించినా. పండగకి పెట్టె ఇప్పి గిన్నెని సింతపండేసి తోమతా ఉంటే బెజ్జం కనిపించింది. ఓటి గిన్నెకి కుంకం పెట్టేదెట్లప్పా? కళాయి సాయిబు వాకిట్లో పోతా ఉంటే పిలిసి మాటేయించినా. నువ్వొచ్చి మెచ్చుకుంటావనుకున్నా."

తిట్టడానికి నోరు తెరిస్తే నవ్వొచ్చింది. నిజమే, మా సీమలో ఓటి గిన్నెను పూజలో పెట్టేవాళ్ళెవరు? ఆ బెజ్జముంటేనే గిన్నె మునిగి నీళ్ళకు దారిచ్చేదని చెప్పేసరికి తాత ముఖం చిన్నబోయింది. పొయ్యిలో మేకు ఎర్రగా కాల్చి తనే తెచ్చాడు. మాటు కరిగించి బెజ్జం తెరిచాం. గిన్నె బోర్లించి, పెట్టెలో నీళ్ళు నింపి, మూత బిగించాను.

పొద్దున్నే నాయన వడ్లు ఉడికే తొట్టిలోకి ఎక్కాయి. ఆవిరి వదిలాను. దడదడ లేదు. స్క్రూడ్రైవరుకు చెవి ఆనించాను. ఏ చప్పుడూ లేదు. ముదలాలి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు లోపల టక్కుమంది! గొట్టం చివర వేడినీళ్ళు చిమ్మి ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ టక్కు, మళ్ళీ నీళ్ళు. "పడిందిరా దెబ్బ!" అని గంతేశాను. తాత నాకంటే ఎత్తు ఎగిరాడు.

వాయి దించాం. గింజ గింజా విడివిడిగా, పొట్టు పెదవి విప్పినంత మాత్రం విచ్చుకొని వచ్చింది. ముదలాలి గుప్పెడు తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు పాపం. మా నాయన వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఏ దైర్నంతో పోసినావు నీ వడ్లు? ఆ పెట్టె సంగతి నీకేం తెలుసు?"

నాయన ఒక గింజ పంటి కింద వేసుకొని నమిలాడు. "పెట్టె సంగతి నాకేం తెలుసు ముదలాలీ? నా కొడుకు సంగతి తెలుసు."

అంతకుముందు ఎన్నడూ ఆయన నోట నా పని గురించి మంచీ లేదు, చెడూ లేదు. నాకు పట్టరాని ఆనందమొచ్చింది. పోయి మిల్లు విజిలు తాడు పట్టుకొని లాగాను. అది కూలివాళ్ళ బువ్వకు మాత్రమే కూసే విజిలు. కళ్ళంలో వడ్లు ఎండబోస్తున్న ఆడవాళ్ళు ఇంత పొద్దున్నే బువ్వేందని చేటలు పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. "ఆవిరంతా దండగరా, వదలరా!" అని ముదలాలి అరుస్తూనే ఉన్నాడు. నేను వదల్లేదు.