వన్స్‌మోర్ పేరయ్య

అమలాపురంలో పగలంతా కొబ్బరికాయలు వలిచే పేరయ్యకి నాటకాల రోజుల్లో ఇంకో కొలువుండేది. ఊరి నాటక సమాజంలో రాజు వేషం కట్టే ప్లీడరు గుమాస్తా రామ్మూర్తిగారు పద్యం ముగించగానే, నేల మీంచి లేచి, తలపాగా విప్పి గాల్లో తిప్పుతూ "వన్స్‌మోర్!" అని అరవాలి. అందుకని గొంతు జీరబోకుండా పాటగాడిలా బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకునేవాడు.

యుద్ధం అయిన ఏడు బెజవాడ నాటకాల కంపెనీ ఒకటి సమాజం పందిరి పక్కతోటలోనే పందిరేసి అదే నాటకం మొదలెట్టింది. "నువ్వెళ్ళి వాళ్ళ రాజుకి వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు కొట్టరా. గొంతు పోయి తట్టాబుట్టా సర్దుకుంటాడు," అన్నారు రామ్మూర్తిగారు. "ఆయ్, అలాగేనండి," అని వెళ్ళాడు పేరయ్య. ఇతను అరిచినకొద్దీ ఆ రాజు పాడాడు. ఒకే పద్యం ఏడుసార్లు, ప్రతిసారీ రాగంలో కొత్త సంగతితో. పోయింది పేరయ్య గొంతే. ఈలోగా ఆ అరుపులు విని, అవతల పందిట్లో రామ్మూర్తిగారి నాటకం చూస్తున్న జనం చాపలు చుట్టుకుని ఇటొచ్చేశారు. వాళ్ళ వెనకే కిరీటంతో రామ్మూర్తిగారూ వచ్చి పేరయ్య జబ్బ పట్టుకున్నారు. అంతలో పద్యం మళ్ళీ ముగిసింది.

"అరవ్వేంరా? ఆ చివరి సంగతి ఇంకోసారి వినాలి!"

పేరయ్య గొంతు చూపించి చేతులు తిప్పేశాడు. రామ్మూర్తిగారు కిరీటం ఊడబీకి గాల్లో తిప్పుతూ, "వన్స్‌మోర్!" అని తానే అరిచారు. అరుపు జీరబోయింది. పేరయ్య రొంటినున్న కరక్కాయ ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు.