సుబ్బరాజు బావగారు దారి అడుగుతారు

మా బావగారు డాక్టర్ సుబ్బరాజు గారు దారి అడగందే ఎక్కడికీ వెళ్లలేరు. దారి తెలియక కాదు. తెలిసిన దారైనా సరే, కారు ఆపి, అద్దం దించి, ఎవరి నోటినుంచైనా "ఇలాగే వెళ్లండి" అనిపించుకుంటే తప్ప ఆయనకు ప్రయాణం చేసినట్టు ఉండదు. నార్తాంప్టన్‌లో చాలా ఏళ్లుగా జీపీగా, అంటే పేటలో అందరూ ముందుగా వెళ్లే డాక్టరుగా, ఉన్నారు. ఆ ఊళ్లో ఆయన దారి అడగని మనిషంటూ ఉంటే, ఆ మనిషి నిన్ననే ఊళ్లో దిగి ఉండాలి.

ఒకసారి తన సర్జరీ, అంటే ఆయన క్లినిక్కు, గుమ్మం ముందే కారు ఆపి, బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన్ని ఆ సర్జరీకే దారి అడిగారు. పెద్దాయన ఈయన పేషెంటే. పాపం హడలిపోయి, "డాక్టర్, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని పూలగుత్తితో పరామర్శకు కూడా వచ్చాడు. బావగారు ఆ పూలు పుచ్చుకుని, వాళ్ల ఇంటికి ఎలా వెళ్లాలో అడిగి పంపించారు.

కారులో ఆడగొంతుతో దారి చెప్పే సాట్‌నావ్ లేక కాదు. ఉంది. ఆయన దాన్ని 'ఆవిడ' అంటారు.

"ఆవిడ కుడికి తిరగమంటోంది కదా బావగారూ."

"ఆవిడెప్పుడైనా ఈ వీధిలో నడిచిందేంటయ్యా? ఇక్కడ పుట్టి పెరిగినోళ్లని అడగాలి గానీ."

పుట్టి పెరిగినవాడు ఎడమకి అంటాడు. అరగంట తిరిగి, ఆవిడ చెప్పిన కుడి వైపుకే మళ్లీ చేరుకుంటాం. బావగారు ఏమాత్రం చిన్నబుచ్చుకోరు. "మంచోడు పాపం, ఎంత ఓపిగ్గా చెప్పాడో" అంటారు.

ఇలాంటి మహానుభావుడు ఇంగ్లండు నుంచి వియన్నా దాకా కారులో వెళ్దామన్నారు. వాళ్లమ్మాయి, నా మేనకోడలు సహస్ర అక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకోబోతోంది. విమానంలో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతాం. కానీ విమానంలో దారి అడగడానికి ఎవరూ దొరకరు కదా.

ప్లానింగు నెలల తరబడి సాగింది. డైనింగ్ టేబుల్ నిండా యూరప్ పటం పరిచారు. నేనుండే వెంబ్లీ నుంచి ఎప్పుడు వెళ్లినా కంచం ఒళ్లో పెట్టుకుని తినాల్సి వచ్చేది, ఎందుకంటే జర్మనీ మీద పప్పు ఒలకకూడదు. ఇంట్లో చాలదన్నట్టు సర్జరీలో కూడా అదే పని.

"గట్టిగా ఊపిరి పీల్చండి మిస్టర్ హ్యారిస్. మీరు కిందటేడు జర్మనీ వెళ్లొచ్చారు కదా, కొలోన్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుంది? ఆఁ, ఇప్పుడు వదలండి."

ఆ పేషెంటు దగ్గు మందు కోసం వారాల తరబడి కాచుకుని వచ్చినవాడు. తీరా బయటికి వచ్చేటప్పుడు అతని చేతిలో చీటీ లేదు గానీ, అతను గీసిన పటం బావగారి చేతిలో ఉంది.

అంతా సిద్ధమయ్యాక ఒకరోజు బావగారు సర్జరీలో కళ్లు తిరిగి పడిపోయారు. పెద్ద ప్రమాదమేమీ లేదు గానీ, ఎందుకు పడ్డారో తేలేదాకా స్టీరింగు ముట్టుకోకూడదని ఆసుపత్రివాళ్లు గట్టిగా చెప్పారు. ఎంతమంది పేషెంట్లకు ఆయన ఇదే ముక్క చెప్పి ఉంటారో! ఇప్పుడు తన వంతు వచ్చేసరికి మూతి ముడుచుకుని కూర్చున్నారు.

"పోన్లే వైదేహీ, విమానం టికెట్లు చూస్తాను" అన్నారు మా అక్కతో.

"ఎందుకూ? కారు నేను తోల్తాను" అంది అక్క.

నా చేతిలో కంచం జారింది. జర్మనీ మీద పప్పు పడింది.

ఎందుకంటే అక్క కారు తోలడం మానేసినంత పని చేసింది. ఒకసారి కోవెంట్రీ రింగు రోడ్డు మీద తను తోలుతుండగా ఒక లారీ పక్కనుంచి రాసుకుంటూ పోయి కారు పక్క అద్దం విరగ్గొట్టింది. అప్పట్నుంచి కూరగాయల కొట్టుకీ గుడికీ తప్ప అక్క బండి తీయలేదు. మోటార్‌వే లాంటి పెద్ద రోడ్డు పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. నన్ను తోలమనవచ్చు కదా అని మీకనిపించవచ్చు. ఈ దేశపు డ్రైవింగ్ టెస్టు తప్పడంలో నేను ఆరితేరాను. నన్ను చూడగానే ఎగ్జామినర్లు సీటు బెల్టు రెండోసారి సరిచూసుకుంటారు.

"భయం వెయ్యదా అక్కా?" అన్నాను.

"వేస్తుందిరా. ఇప్పుడు విమానం ఎక్కానంటే ఇక జన్మలో స్టీరింగు పట్టను. ఆ లారీవాడికి భయపడే బతకాలి."

అదీ సంగతి. సహస్ర పట్టా ఎలాగూ సహస్రకి వస్తుంది. ఈ ప్రయాణంలో తేలాల్సింది అక్క సంగతి. నాకు నిజంగా భయం వేసింది, కారులో నేను కూడా ఉంటాను కాబట్టి మరీ వేసింది.

పాలూ పెరుగూ యూరప్‌లోకి తీసుకెళ్లకూడదట. అందుకని అక్క కలిపిన గిన్నెడు పెరుగన్నం డోవర్‌లో ఓడ ఎక్కే క్యూలోనే తినేశాం. బావగారు ఆవకాయ నంజుకుంటూనే ముందు కారువాణ్ణి ఫ్రాన్సు ఎటువైపో అడిగారు. ఎదురుగా సముద్రం ఉంది. అతను సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

అవతల అంతా కుడివైపు డ్రైవింగు. మన కారులో డ్రైవరు కూర్చునేదీ కుడివైపే కాబట్టి, ముందు బండిని దాటాలంటే ఎడమ సీట్లోవాళ్లు చూసి చెప్పాలి. ఆ కీలకమైన పదవి బావగారిది. ఆయన దాన్ని ఎలా వెలగబెట్టారంటే, కాసేపటికోసారి "వైదేహీ, పక్కకి తిప్పి ఆపు, దారి అడగాలి" అనేవారు.

బెల్జియంలో కుక్కను తిప్పుతున్నాయన్ని అడిగారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. "ఏవండోయ్, వియన్నా ఇటేనాండీ?" అని భీమవరం తెలుగులో అడిగారు. చిత్రమేమిటంటే ఆయనా తన భాషలో ఏదో చెప్పాడు, ఇద్దరూ నవ్వుకున్నారు, కుక్క కూడా తోకాడించింది. జర్మనీలో పెట్రోలు బంకులో నేల తుడుస్తున్న ఆవిడను అడిగారు. ఒక పోలీసాయన్ని కూడా వదల్లేదు. ఆయన తల పైకెత్తి, నెత్తిమీదున్న బోర్డును చాలాసేపు చూశాడు.

"బావగారూ, ఈ లెక్కన మనం వెళ్లేసరికి సహస్ర రిటైరవుతుంది" అన్నాను.

"తెలుసుకుంటే తప్పేంటయ్యా?"

నూరెంబర్గ్ దాటాక మళ్లీ ఆపించి దిగేసరికి నాకు ఒళ్లు మండింది. ఇవాళ తేల్చుకోవాల్సిందేనని నేనూ దిగి ఆయన వెనకాలే వెళ్లాను. ఆయన ఎవరినీ అడగలేదు. బాత్‌రూముల గోడ చాటున నిలబడి, మెడ సాచి మా కారు వైపే తొంగి చూస్తున్నారు.

"ఏం చేస్తున్నారు?"

"హుష్! మీ అక్క భుజాలు దిగాయా? నాకు అద్దాల్లోపల సరిగ్గా ఆనట్లేదు."

"భుజాలేంటి?"

"భయం వేస్తే దాని భుజాలు చెవుల దాకా లేస్తాయి. మాట ఆగిపోతుంది. అప్పుడు ఆపించెయ్యాలి. కాసేపుంటే అవే దిగుతాయి."

"రెస్ట్ తీసుకోమని చెప్పొచ్చు కదా!"

"చెప్పి చూడు. 'నేనేం అలిసిపోలేదు, భయపడట్లేదు' అని ఇంకా గట్టిగా తొక్కుతుంది. నాకు ఈ రోగం ఎలాగూ ఉంది కదా, దానికో పని చెప్పాను."

"మరి దారో?"

"ఓడ దిగిన కలే రేవు నుంచి వియన్నా దాకా కళ్లు మూసుకుని చెప్తానయ్యా. ఇన్ని నెలలూ ఏం చేశాననుకున్నావు?"

కారు వైపు చూశాను. అక్క ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, సీటు వెనక్కి వాల్చి, హాయిగా తాగుతోంది. నాకు బావగారి మీద అంతవరకూ లేని గౌరవం పుట్టింది. ఆ ముక్క ఆయనకు చెప్పలేదు. చెబితే నన్ను నిలబెట్టి, ఆ గౌరవం ఎటునుంచి వచ్చిందో అడుగుతారు.

మర్నాడు వియన్నా దారిలో లింజ్ ఊరు దాటాక వాన పట్టుకుంది. ముందు సీట్లో బావగారు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. మా ముందు పెద్ద లారీ ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోతోంది. వెనక సీట్లోంచి చూస్తే అక్క భుజాలు మెల్లగా లేవడం మొదలైంది.

"అక్కా, పక్కకి ఆపు. దారి అడుగుదాం" అన్నాను.

అద్దంలో నన్ను చూసింది.

"నువ్వూ మొదలెట్టావా? ఇంట్లో ఒకరు చాలరా."

"అంటే... నీకు తెలుసా?"

"గోడ పక్కనుంచి తల బయటపెట్టి చూస్తుంటే కనపడదా? కనిపెట్టలేదనుకుని తెగ సంబరపడుతున్నారని ఊరుకున్నాను. ఆయన్ని లేపకు. ఎడమవైపు ఏమైనా వస్తోందేమో నువ్వు చూసి చెప్పు."

వెనక్కి తిరిగి చూశాను. "ఏమీ లేదక్కా."

అక్క సిగ్నల్ వేసింది. బండి ఎడమకి తీసింది. లారీ పక్కకు రాగానే అద్దాల నిండా నీళ్లు కొట్టాయి. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి లారీ వెనకపడింది. అక్క భుజాలు కిందికి దిగి ఉన్నాయి. నాకు ఈల వెయ్యాలనిపించింది, బావగారు లేస్తారని ఆగాను.

సహస్ర తన ఫ్లాట్ ఉన్న బిల్డింగు ముందు గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో ఎవరున్నారో చూసి అక్కడే ఎగిరి గంతేసింది.

"మమ్! యూ డ్రోవ్? ఆల్ ద వే?"

ఆ కేకకు బావగారు ఉలిక్కిపడి లేచారు.

"ఎక్కడున్నాం? ఆపు ఆపు, అడుగుతాను."

"వచ్చేశామండీ" అంది అక్క.

"అప్పుడే? లింజ్ తర్వాత ఎవరినీ అడగలేదే!" ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన అవసరం లేకుండానే రోడ్డు అయిపోయింది మరి.

అక్క ఆయన్ని ఒక్క క్షణం చూసింది. ముందున్న ఖాళీ జాగాలో, పార్కింగు బోర్డు కిందే, కారు చక్కగా పెట్టేసి ఇంజను ఆపింది.

"ఏవండీ, కారు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. ఎవరినైనా కాస్త అడిగి రారూ?"

బావగారు గబగబా దిగి, వానలో కూరగాయల సంచితో పోతున్న ఒక ముసలావిడను ఆపారు. ఆవిడ బోర్డు వైపూ మా కారు వైపూ చెయ్యి చూపిస్తూ ఏదో చెబుతుంటే, ఆయన ఎంతో శ్రద్ధగా తల ఊపుతున్నారు. అక్క దిగకుండా అలాగే కూర్చుని ఆయన కోసం ఎదురుచూసింది.