రెండు సిలిండర్లతో ఒడ్డు చేరిన స్టీమరు

డెబ్బయ్యో దశకం నడుమ, ఒక జూన్ నెలలో, బొంబాయి రేవులో ఒక పాత సరుకుల స్టీమరులో నాల్గో ఇంజినీరుగా చేరాను. మాది పెనుకొండ. బయలుదేరేటప్పుడు మా అవ్వ, "ఈడ తాగే నీళ్లకే కరువు, నువ్వు నీళ్ల మీద యాడికి పోతాండావు?" అని తిట్టింది. అదృష్టవశాత్తూ ఓడలో సెకండ్ ఇంజినీరు, అంటే ఇంజిన్ గదిలో చీఫ్ తర్వాత పెద్ద, హిందూపురం ఆయన.

ఆ ఓడను రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఇంగ్లాండులోని సండర్లాండులో కట్టారు. ఇంజిను మేడంత ఎత్తు. బాయిలరు ఆవిరి మొదట చిన్న సిలిండరులో, తర్వాత మధ్యదానిలో, చివరికి పెద్దదానిలో పనిచేసేది. ఒకే ఆవిరితో మూడుసార్లు చాకిరీ చేయించుకునే ఆ పొదుపు చూసి మురిసిపోయాను. కరువు సీమవాడికి పొదుపు నచ్చకుండా ఉంటుందా? కింద ప్రొపెల్లరు ఇరుసును తిప్పే క్రాంకులకు మూత ఉండదు. కాపలాలో ఉన్న ఇంజినీరు ఆ తిరుగుడుకు లయ కలిపి, బేరింగు తన వైపు వచ్చిన క్షణంలో అరచేత్తో తాకి వేడి చూడాలి. లయ తప్పితే చెయ్యి దక్కదు.

కొంకణ తీరం వెంబడి పోతుండగా గాలివాన పట్టుకుంది. ఓడ వెనుకభాగం లేచినప్పుడల్లా ప్రొపెల్లరు నీటి పైకి తేలి ఇంజిను పిచ్చిగా పరిగెత్తేది. నా కాపలాలోనే చిన్న సిలిండరు బేరింగు చేతికి చురుక్కుమంది. వెంటనే సెకండుకు చెప్పాను. వేగం తగ్గించాం, నూనె పోశాం. అయినా లోపలి మెత్తటి లోహం కరిగి కారిపోయింది. ఇంజిను ఆపక తప్పలేదు. గాలి మమ్మల్ని రాళ్ల తీరం వైపు తోస్తోంది. ఆ సముద్రంలో లంగరు నిలవదని కెప్టెన్ కబురు చేశారు. కొత్త బేరింగు ఉంది గాని, దాన్ని గీకి సరిపెట్టేంత వ్యవధి లేదు. నాకు భయం వేసింది. ఈత కూడా రాదు.

చీఫ్, సెకండ్ మాట్లాడుకుని, చిన్న సిలిండరును పక్కనపెట్టి మిగతా రెండింటితో నడపాలని తేల్చారు. నాకు నమ్మకం కుదరలేదు. మూడింట్లో ఒకటి తీసేస్తే ఇది కదులుతుందా సార్ అన్నాను.

"ఏమబ్బా, మన పక్క శెనక్కాయ చేన్లో ఒంటెద్దుతో గుంటక తోల్లేదా? దీన్ని కట్టినోళ్లు ఇట్లాంటి దినం వస్తాదని ముందే అనుకోనుండారు. ఆ స్పానరు అందుకో" అన్నారు సెకండ్.

నిజంగానే అనుకున్నారు. ప్రతి నట్టుకూ స్పానరు తిరిగే చోటుంది. ప్రతి బరువుకూ నెత్తిన గొలుసు తగిలించే కొక్కెముంది. ఊగే ఓడలో ఆ సిలిండరు కడ్డీని విప్పి దించాం, పిస్టనును పైనే బిగించాం. వాల్వు తీసేసి ఆవిరి నేరుగా మధ్య సిలిండరుకు పోయేలా చేశాం. అది తట్టుకునేలా బాయిలరు ఒత్తిడి తగ్గించాం. ఆవిరి వదిలితే ఇంజిను కదల్లేదు. క్రాంకులు, ఆవిరి ఎంత తోసినా తిరగని చిక్కుచోట ఆగాయి. చేత్తో తిప్పే గేరుతో కాస్త జరిపి మళ్లీ వదిలాం. కుంటుకుంటూ తిరిగింది. రాళ్లు దూరమవుతున్నాయని పైనుంచి కబురొచ్చేదాకా మిగిలిన బేరింగులను తాకి చూస్తూనే ఉన్నాను. ఆ నడకతోనే రేవు చేరాం.

బాగున్న యంత్రం ఎలా నడవాలో ఎవరైనా ఆలోచిస్తారు. అది చెడిన రోజు, నడిసముద్రంలో దాని పక్కన నిలబడ్డ మనిషికి ఏం మిగలాలో ఆ సండర్లాండు వాళ్లు ఆలోచించారు. తర్వాత నేను చీఫ్‌నయ్యాక, కొత్త ఓడ ఎక్కినప్పుడల్లా, ఇందులో ఒక భాగం పోతే మిగతాది ఒడ్డు చేరుస్తుందా అని మొదట అడిగేవాణ్ణి. నా చివరి ఓడలో వచ్చిన జవాబు: ఇంజిను చేసిన కంపెనీ మనిషి విమానంలో వస్తాడు సార్, అని.